బావగారి మోటారు, మా నల్లా నీళ్లు

హైదరాబాద్‌లోని ఒక పాత కాలనీ నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయవద్దంటూ పెద్ద ఉత్తరం రాశారు. మామగారు కొన్న స్థలాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. రోడ్డు వైపు బావగారిల్లు, వెనక వీళ్లిల్లు. గేటు ఒకటే. నల్లా కనెక్షన్లు వేరైనా, రెండూ గల్లీలో ఉన్న ఒకే పైపు నుంచి వస్తాయి. రోజు విడిచి రోజు తెల్లవారుజామున కాసేపు నీళ్లు వదులుతారు.

మొన్న వానాకాలంలో వీళ్ల తొమ్మిదేళ్ల పాపకు కామెర్లు వచ్చాయి. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే రకమని డాక్టరు చెప్పారు. పాప కోలుకుంటోంది. అప్పటి నుంచి ఆమె నల్లాను గమనించడం మొదలుపెట్టారు. నీళ్లు వదలగానే మొదట కాసేపు మురుగు వాసన వస్తోంది. బావగారింట్లో మోటారు చప్పుడు మొదలవగానే వీళ్ల వాకిట్లో కుళాయి ధార సన్నబడి ఆగిపోతోంది. ఒక్కోసారి కుళాయి గాలిని లోపలికి పీలుస్తున్నట్టు చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇంకో వింత ఏమిటంటే, నీళ్లు వదలని రోజు కూడా అప్పుడప్పుడు కుళాయి తిప్పితే కొన్ని నీళ్లు వస్తున్నాయి. అవి ఉప్పగా ఉంటున్నాయి.

ప్లంబర్‌ని అడిగితే, బావగారు మోటారును నేరుగా నల్లా పైపుకే బిగించారని, అదే పైపుకు బోరు లైను కూడా కలిపి మధ్యలో ఒక వాల్వు పెట్టారని చెప్పాడు. "ఈ గల్లీలో చాలా ఇళ్లలో ఇంతే మేడమ్" అని కూడా అన్నాడు.

భర్తకు చెబితే, "ఇల్లు పంచుకున్నప్పుడే ఎంత గొడవైందో నీకు తెలుసు, ఇప్పుడు నీళ్ల గురించి అన్నయ్యతో పేచీ పెట్టుకోమంటావా" అన్నారట. అత్తయ్య బావగారి దగ్గరే ఉంటారు. బావగారి కూతురు ఏడో నెల గర్భంతో పురుటికి పుట్టింటికి వచ్చింది. రోజూ "పిన్నీ" అంటూ వచ్చి పాప పక్కన కూర్చుంటుంది. తోడికోడలి దగ్గర ఒకసారి మాట కదిపితే, "మేమూ అవే నీళ్లు తాగుతున్నాం, మాకేం కాలేదే" అని తేల్చేశారు. పక్కింటివాళ్లేమో పేరు చెప్పకుండా, ఊరికి నీళ్లు సరఫరా చేసే జలమండలికి ఫోన్ చేసి పట్టించమంటున్నారు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "మా సంపులో కూడా నల్లా పైపును అడుగు దాకా దింపి పెట్టాం, నీళ్లు పడే చప్పుడు రాకుండా. దానివల్ల ఏమైనా ఇబ్బంది ఉందేమో తెలియదు. ఫిర్యాదు చేస్తే రెండిళ్ల మధ్య మాటలుండవు. చేయకపోతే పాపకి మళ్లీ ఏమవుతుందోనని టెన్షన్. నేనేం చేయాలి?"

*

అమ్మా, మీ ఉత్తరంలో ఆరోగ్యం సంగతి, పైపుల సంగతి, అన్నదమ్ముల సంగతి కలిసిపోయి ఉన్నాయి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మూడోది. కానీ ఒక్కరోజు కూడా ఆగకూడనిది మొదటిది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయిన బావగారి అమ్మాయి గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లలో ముఖ్యమైనవి రెండు, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ. పిల్లల్లో ఎక్కువగా కనబడేది ఎ. చాలామంది పిల్లలు దాని నుంచి పూర్తిగా కోలుకుంటారు. ఇ రకం కూడా మామూలు మనుషుల్లో చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది గానీ, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే ప్రాణం మీదికి వస్తుంది. అలా సోకినవారిలో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాపకు వచ్చింది ఏ రకమో రిపోర్టులో ఉందేమో చూడండి, లేకపోతే డాక్టర్ని అడగండి. ఎ అని తేలినా ఊరుకోవద్దు. రెండూ మురుగు కలిసిన నీళ్లలోంచే వస్తాయి. ఒకటి వచ్చిన దారిలో రెండోది కూడా రావచ్చు.

కాబట్టి ఈ రోజు నుంచే రెండిళ్లలోనూ తాగే నీళ్లు సలసల మరిగించాలి. బుడగలు బాగా వచ్చాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీదే ఉంచి, మూతపెట్టి చల్లార్చుకోండి. మజ్జిగలో కలిపే నీళ్లు, పళ్లు తోముకుని పుక్కిలించే నీళ్లు, పచ్చిగా తినే దోసకాయా కొత్తిమీరా కడిగే నీళ్లు కూడా అవే కావాలి. ఆర్‌ఓ మెషీన్ ఉంటే దానిమీదే భారం వేయకండి, సర్వీసింగ్ ఎప్పుడు జరిగిందో చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. పాప కోలుకుంటున్నా సబ్బుతో చేతులు కడుక్కోవడం కచ్చితంగా పాటించాలి, ఎందుకంటే కామెర్లు బయటపడిన తర్వాత కూడా కొన్నాళ్లు మలంలో ఆ వైరస్ ఉంటుంది. పాప వాడే బాత్రూమ్‌ను బావగారి అమ్మాయి వాడకుండా చూడండి. ఆ అమ్మాయిని చూస్తున్న డాక్టరుకు ఇంట్లో కామెర్ల కేసు ఉందన్న మాట తప్పకుండా చేరాలి.

ఈ విషయం మీ తోడికోడలికి మీరే చెప్పండి. మోటారు ఊసు ఎత్తొద్దు. "అక్కా, పాపకి నీళ్ల వల్లే వచ్చిందన్నారు, అమ్మాయి నెలల మీద ఉంది కదా, మరిగించిన నీళ్లే ఇవ్వు, డాక్టరమ్మకి కూడా ఓ మాట చెప్పు" అంటే చాలు. దీన్ని తర్వాత జరగబోయే మోటారు మాటకు ముందుమాటగా వాడుకోకండి. ఇది వేరు, అది వేరు. రెండూ కలిపితే, కడుపుతో ఉన్న పిల్లను అడ్డం పెట్టుకుని మాట్లాడారన్న నింద మీమీద పడుతుంది.

ఇక "మాకేం కాలేదే" అన్న మాట. మీ తోడికోడలు అబద్ధం చెప్పలేదు. హెపటైటిస్ ఎ ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ జన్మలో రాదు. మన పెద్దవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే, చాలాసార్లు తెలియకుండానే వచ్చి పోయి ఉంటుంది. అందుకే అవే నీళ్లు తాగిన పెద్దలు బాగానే ఉంటారు, పిల్ల పడకేస్తుంది. ఎ నుంచి వచ్చిన ఆ రక్షణ ఇ రకానికి పనికిరాదు. పైగా ఈ జబ్బులు నీళ్లు తాగిన మర్నాడే బయటపడవు. వైరస్ ఒంట్లో చేరాక కామెర్లు కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంటే పాపకు జబ్బు చేసిన నీళ్లు ఎప్పుడో వెళ్లిపోయాయి. ఈ రోజు నల్లా నీళ్లు పరీక్షకు ఇచ్చి, బాగున్నాయని రిపోర్టు వస్తే, అప్పటి నీళ్లు కూడా బాగున్నాయని అర్థం కాదు. ఎవరైనా అలా వాదిస్తే మీరు తగ్గాల్సిన పని లేదు. అలాగే, ఈ రోజు నీళ్లలో మురుగు ఆనవాలు దొరికినా, బావగారి మోటారే పాపకు జబ్బు తెచ్చిందని రుజువైనట్టూ కాదు. పాప బడిలో తాగి ఉండొచ్చు, బయట ఎక్కడో తిని ఉండొచ్చు. మీరు ఆయన ముందుకు వెళ్లేటప్పుడు నేరం మోపడానికి వెళ్లకూడదని నేను అనేది ఇందుకే. రుజువు లేని నేరం మోపితే మాటంతా ఆ రుజువు మీదికే పోతుంది, పైపు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

కానీ పైపు సంగతి మాత్రం స్పష్టంగా ఉంది. మీరు గమనించి రాసినవి ఎంత విలువైనవో మీకు తెలిసినట్టు లేదు.

పైపు నిండా నీళ్లు ఒత్తిడితో ఉన్నంతసేపు, ఎక్కడైనా పగులు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నష్టమే గానీ జబ్బు రాదు. ఆ ఒత్తిడి పోయిందంటే అదే పగులు బయటి మురికి లోపలికి వచ్చే దారి అవుతుంది. మన ఊళ్లలో నీళ్లు కాసేపు వదిలి ఆపేస్తారు గనుక, మిగతా గంటలన్నీ పైపు ఖాళీగానే ఉంటుంది. పక్కనే డ్రైనేజీ, వానకు పొంగే మ్యాన్‌హోలు, మురుగుతో నానిన మట్టి. నీళ్లు వదలగానే మొదట వచ్చే వాసన అదే. ఆ నీళ్లు పట్టుకోకండి, వాసనా రంగూ పోయేదాకా వదిలేయండి. వాసన పోయినంత మాత్రాన అవి మంచివైపోవు, మరిగించడం మానొద్దు.

దీనికి తోడు మోటారు. గల్లీ పైపులోకి వచ్చే నీళ్లకన్నా మోటారు లాగేది ఎక్కువైతే, పైపు లోపల ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గిపోతుంది. మీ కుళాయి గాలి పీల్చుకున్న చప్పుడు సరిగ్గా అదే. నీళ్లు ఇవ్వాల్సిన పైపు ఆ క్షణంలో మీ ఇంట్లోంచి లాక్కుంటోంది. కుళాయి తెరిచి ఉంది గనుక గాలి వెళ్లింది. కట్టేసి ఉంటే ఏం వెళుతుందో చెప్పనా? మీ సంపులోని నీళ్లు వెళతాయి. బండిలోంచి పెట్రోలు తీయడానికి ట్యాంకులో పైపు ముంచి ఒక్కసారి నోటితో పీల్చి వదిలితే మిగతాది దానంతట అదే ఎలా వస్తుందో, అడుగు దాకా దింపిన మీ పైపులోంచి సంపు నీళ్లు కూడా అలాగే వెనక్కి, గల్లీ పైపులోకి వెళతాయి. అక్కడి నుంచి బావగారి ట్యాంకులోకి, పక్కింటి బిందెలోకి. మీ సంపులో బల్లి పడినా, వానకు వాకిట్లో నీళ్లు దిగినా అది మీ ఒక్క ఇంటి సంగతిగా ఉండదు. ఈ మాట చదివి బాధపడకండి. చప్పుడు రాకూడదని ఎన్నో ఇళ్లలో ఇలాగే దింపుతారు. కానీ బావగారి దగ్గరికి వెళ్లే ముందు మీరు సరిచేసుకోవలసింది మీ ఇంట్లోనే ఒకటుంది.

ఒకచోట ఎవరో గట్టిగా నీళ్లు లాగితే, దానితో సంబంధం లేని ఇంకోచోట మురికి పైపులోకి చేరుతుందనడానికి అమెరికాలో 1969లో జరిగినదాన్ని నీళ్ల ఇంజనీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో 97 మందిలో 90 మందికి హెపటైటిస్ సోకింది. మైదానంలో నీళ్లు చల్లే కుళాయిలు నేలలో గుంటల్లో ఉండేవి. ఆ గుంటల దగ్గర ఆడుకునే పిల్లల ఇంట్లో హెపటైటిస్ ఉంది. ఊళ్లో ఒకచోట మంటలు అంటుకుంటే అగ్నిమాపక సిబ్బంది హైడ్రంట్ల నుంచి, అంటే మంటలార్పడానికి నీటి లైనుకు పెట్టిన కుళాయిల నుంచి, పెద్ద ఎత్తున నీళ్లు లాగారు. మైదానం వైపు పైపులో ఒత్తిడి పడిపోయి, గుంటల్లో నిలిచిన నీళ్లు లోపలికి పోయాయి. ఆటగాళ్లు ఆ లైను నీళ్లే తాగారు. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మీ గల్లీలోనూ అంతే. పాపకు జబ్బు తేవాలని బావగారికి ఉండదు కదా. ఆయనకు కావలసింది ట్యాంకు నిండటం.

అయితే ఆయన చేసిన పనుల్లో మోటారు కన్నా నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ బోరు కలిపిన జాయింటు. నీళ్లు వదలని రోజు మీ కుళాయిలో ఉప్పటి నీళ్లు వస్తున్నాయంటే, ఆయన బోరు మోటారు వేసినప్పుడు ఆ మధ్యలోని వాల్వు దాటి బోరు నీళ్లు ఖాళీ నల్లా పైపులోకి వస్తున్నాయనే అనుకోవాలి. సరిచూసుకోవడం కష్టం కాదు. ఆ నీళ్లలో సబ్బు నురగ రాకపోతే, బావగారి బోరు నీళ్ల రుచే ఉంటే అనుమానం బలపడినట్టే. గల్లీలో ఇంకెవరిదైనా బోరు అలాగే కలిపి ఉండొచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి. పాత కాలనీల్లో బోరు నీళ్లలోకి పక్కనున్న డ్రైనేజీ ఊట చేరడం మామూలే. ఆ నీళ్లకు శుద్ధీ లేదు, క్లోరినూ లేదు.

"మధ్యలో వాల్వుంది కదా" అని ప్లంబర్ ధైర్యం చెబుతాడు. ఫిన్లాండ్‌లో నోకియా అనే పట్టణం ఉంది. 2007 నవంబరులో అక్కడి మురుగు శుద్ధి కేంద్రంలో, శుద్ధి చేసిన మురుగునీటి లైనుకూ తాగునీటి లైనుకూ మధ్య ఉన్న ఒక వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. రెండు రోజులపాటు ఆ నీళ్లు ఊరి తాగునీటిలో కలిశాయి. 8 వేల మందికి పైగా జబ్బు పడ్డారు. తాగునీటి లైనుకూ మరో నీటికీ మధ్య వాల్వు ఒక్కటే అడ్డంగా ఉంటే, ఎవరో ఒకరు ఏదో ఒక రోజు దాన్ని తెరిచి మరిచిపోతారు, లేదా అది అరిగిపోతుంది.

ప్లంబర్ ఇంకో మాట కూడా చెప్పొచ్చు, "ఎన్‌ఆర్‌వీ వేస్తే సరిపోతుంది" అని. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఆ వాల్వు లేనిదానికన్నా నయమే. కానీ దాని మూత కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా సరిగా మూసుకోదు, మన నీళ్లలో ఇసుకకు కొదవ లేదు. అమెరికాలో ఉన్న మీ బంధువులెవరైనా సొంతింట్లో లాన్‌కు స్ప్రింక్లర్లు పెట్టుకుని ఉంటే అడిగి చూడండి. అక్కడ ఆ లైనుకు బ్యాక్‌ఫ్లోను, అంటే నీళ్లు వెనక్కి రావడాన్ని, ఆపే పరికరం పెట్టాలి, చాలా ఊళ్లలో ఏటా లైసెన్సున్న మనిషిని పిలిచి పరీక్ష చేయించి నీళ్ల శాఖకు కాగితం పంపాలి. ఎన్‌ఆర్‌వీ లాంటివే రెండు చెక్ వాల్వులు, అవి విఫలమైతే నీళ్లను బయటికి వదిలేసే మూడోది ఉన్న పరికరాన్ని కూడా పరీక్ష లేకుండా నమ్మరు. మన ఇళ్లలో గోడలోనో మట్టిలోనో పూడ్చేసిన ఎన్‌ఆర్‌వీని బిగించాక మళ్లీ చూసేదెవరు?

అన్నిటికన్నా నమ్మకమైనది, ఖర్చు తక్కువది గాలి ఖాళీ. నల్లా పైపు చివర సంపులోని నీళ్లను ఎప్పటికీ తాకకూడదు. సంపు పొర్లే మట్టానికి పైన, పైపు వ్యాసానికి కనీసం రెండింతల ఎత్తులో, ఎంత సన్న పైపైనా ఒక అంగుళానికి తగ్గకుండా ఆ చివర ఉండాలి. అప్పుడు గల్లీలో ఎవరెంత లాగినా వెళ్లేది గాలే. అరిగే భాగం లేదు, ఇరుక్కునే ఇసుక లేదు. నీళ్లు పడే చప్పుడు మాత్రం వస్తుంది, దాన్ని భరించాలి.

ఇప్పుడు మీరేం చేయొచ్చో చూద్దాం.

మీ సంపు పైపు కోయించడం ఈ వారంలోనే అయిపోవాలి. సంపు ఖాళీ చేయించి, కడిగించి, మూత సరిగ్గా పడుతోందో చూసుకోండి. వాకిట్లో కుళాయికి పైపు తగిలించి బకెట్లోనో మొక్కల తొట్టిలోనో ముంచి వదిలేసే అలవాటుంటే అదీ మానాలి, దాని ప్రమాదం కూడా ఇదే. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ కోపం రాదు. దీనివల్ల మీ ఇంటికి వచ్చే నీళ్లు మాత్రం శుభ్రపడవు, మీ ఇంటి నుంచి వెళ్లేవి ఆగుతాయి. కానీ రేపు బావగారితో మాట్లాడేటప్పుడు "మా ఇంట్లో కూడా తప్పుంది, సరిచేయించాం" అని మీ ఆయన చెప్పగలిగితే, ఆ మాటతో సగం పని అవుతుంది.

ఇక బావగారితో మాట్లాడటం. మాట్లాడాల్సింది మీ ఆయనే. ఆయన భయాన్ని తీసిపారేయకండి, పంపకాల గాయం ఇంకా మానలేదు. ఆయన్ని ఒప్పించడానికి వాదన అక్కర్లేదు. నీళ్లు వచ్చే రోజు తెల్లవారుజామున లేపి, కుళాయి తెరిచి పక్కన నిలబెట్టండి. అవతల మోటారు వేయగానే కుళాయి గాలి పీల్చడం ఆయనే వింటారు. తర్వాత అన్న దగ్గరికి ఆయన ఒక్కరే వెళ్లాలి, ఆడవాళ్లు, అత్తయ్య లేని సమయంలో. పెద్దవాడిని నలుగురిలో నిలదీస్తే ఒప్పుకోవాలని ఉన్నా ఒప్పుకోలేరు.

అడగాల్సిన క్రమం కూడా ముఖ్యం. మోటారు తీసేయమని మొదలుపెడితే, "అందరూ లాగుతుంటే నేనొక్కణ్ణే మానేస్తే నాకు చుక్క రాదు" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. దానికి మీ దగ్గర ఇప్పటికిప్పుడు జవాబు లేదు. బోరు జాయింటుతో మొదలుపెడితే అలాంటి అడ్డు లేదు. దాన్ని విడదీసినందువల్ల ఆయనకు ఒక్క బిందె కూడా తగ్గదు. బోరు నీళ్లకు విడిగా ఒక పైపు, వీలైతే విడిగా ఒక చిన్న ట్యాంకు. రెండూ ఒకే ట్యాంకులో పడక తప్పదంటే, రెండు పైపులూ పైనుంచి వేర్వేరుగా, నీటి మట్టానికి ఎత్తులో పడాలి. కింద ఎక్కడా కలవకూడదు. అయ్యే ఖర్చులో మీరూ కొంత వేసుకుంటామనండి. అలా అనడం మీకు చిన్నతనం కాదు, గేటు ఒకటే కదా. నా మటుకు నేను ఈ జాయింటు విషయంలో సర్దుబాటు ఉండకూడదంటాను. మోటారు సంగతికి కొన్నాళ్లు పట్టినా ఇది మాత్రం వెంటనే పోవాలి.

మోటారుకు దారి గల్లీ మొత్తం కలిస్తేనే దొరుకుతుంది. నల్లా నీళ్లు మోటారు లేకుండా వాటంతట అవి నేల మట్టం కన్నా కింద ఉన్న సంపులోకి దిగాలి. సంపు నుంచి పై ట్యాంకుకు మోటారు పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఒక ఇల్లు మానేస్తే ఆ ఇంటికే నష్టం, అందరూ ఒకే రోజు మానేస్తే అందరి సంపుల్లోకీ నీళ్లు దిగే అవకాశం ఉంటుంది. పాపకు వచ్చిన కామెర్లు ఆ గల్లీలో ఇంకెవరికైనా వచ్చాయా అని మీరు అడిగారా? ఇంటింటికీ వెళ్లి అడగండి. ఇంకో ఇంట్లో కూడా వచ్చిందని తెలిస్తే ఇది అన్నదమ్ముల పేచీ కాకుండా గల్లీ సమస్య అవుతుంది, మాట్లాడటానికి మీరొక్కరే ఉండరు. దీనికి సమయం పడుతుంది, ఒకరిద్దరు మొండికేస్తారు. అలా మొండికేసేవాళ్లలో బావగారు ఉండకుండా చూసుకోవడమే, ముందు జాయింటు గురించి మెల్లగా మాట్లాడటంలో ఉన్న ఉపయోగం.

ఫిర్యాదు సంగతి. మీ పక్కింటివాళ్లు చెప్పని తేడా ఒకటుంది. జలమండలికి రెండు రకాలుగా ఫిర్యాదు చేయొచ్చు. "ఫలానా ఇంట్లో నల్లాకు మోటారు బిగించారు" అన్నది ఒకటి. 2025 ఏప్రిల్‌లో జలమండలి దీనిమీద ప్రత్యేక డ్రైవ్ పెట్టింది, మోటారు స్వాధీనం చేసుకుని 5,000 రూపాయల జరిమానా వేస్తామని ప్రకటించింది. పేరు చెప్పకపోయినా, ఒకే గేటు ఉన్న ఇంట్లో ఎవరు చెప్పారో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. ఒక మోటారు పోతుంది, గల్లీలో మిగతావి ఉంటాయి, నీళ్లు అలాగే ఉంటాయి, రెండిళ్ల మధ్య మాటలు మాత్రం పోతాయి.

రెండోది, "మా నల్లా నీళ్లలో మురుగు వాసన వస్తోంది, ఇంట్లో పాపకు కామెర్లు వచ్చాయి" అని 155313కు ఫోన్ చేసి, నల్లా బిల్లు మీదుండే మీ క్యాన్ నంబరుతో, మీ పేరుతోనే చెప్పడం. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, మీ హక్కు. వాళ్లు వచ్చి నీళ్లలో క్లోరిన్ చూడాలి, శాంపిల్ తీయాలి, డ్రైనేజీ దగ్గర పైపు పగిలిందేమో వెతకాలి. నీళ్లు వచ్చే సమయానికే రమ్మని పట్టుబట్టండి. మధ్యాహ్నం వస్తే ఖాళీ పైపు చూసి వెళ్లిపోతారు. మన దేశ ప్రమాణాల ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, 100 మిల్లీలీటర్ల నీళ్లలో మురుగు కలిసిందని చెప్పే ఈ.కోలై బ్యాక్టీరియా అసలు కనబడకూడదు. సొంతంగా పరీక్ష చేయించాలంటే నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అడగండి. శాంపిల్‌కు వాళ్లు చెప్పిన సీసానే వాడండి, ఇంట్లో సీసాలో పట్టుకెళితే ఆ ఫలితం దేనికీ పనికిరాదు. ఈ ఫిర్యాదులో ఇబ్బంది ఏమిటంటే, వచ్చినవాళ్ల కంట్లో బావగారి మోటారు కూడా పడొచ్చు. అందుకే ఫోన్ చేసే ముందు రోజు మీ ఆయన చేత ఆయనకు చెప్పించండి, "పాప గురించి నీళ్లు పరీక్ష చేయమని పిలుస్తున్నాం అన్నయ్యా" అని. మోటారు ఉంచుకోవాలా, విప్పించాలా అన్నది అప్పుడు ఆయన నిర్ణయం. దాచి చేశారన్న మాట మాత్రం రాదు.

క్లోరిన్ సరిపడా ఉందని వాళ్లు చెప్పినా మీరు మరిగించడం ఆపొద్దు. ఢిల్లీలో 1955 చివర్లో నజఫ్‌గఢ్ నాలా మురుగు యమునలో ఎదురు తన్ని, వజీరాబాద్‌లో ఊరికి నీళ్లు తోడుకునే చోటికి చేరింది. అధికారులు గమనించి పటిక, క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు. కానీ ఆ తర్వాత కొన్ని వారాలకు దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. అప్పుడు కూడా ఎక్కువ దెబ్బతిన్నది గర్భిణులే.

ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, మీ ఆయన ప్రస్తుతం ఎంచుకున్నది అదే. మరిగించి తాగుతూ, సంపు బాగుచేసుకుని ఉండిపోవచ్చు. మీ ఇంటి వరకు ప్రమాదం చాలా తగ్గుతుంది, బంధుత్వం కదలదు. కానీ ఆ గల్లీలో మరిగించకుండా తాగే పిల్లలు ఇంకా ఉంటారు. పైపులోకి బోరు నీళ్లు తన్నుతున్నాయని తెలిసిన మనిషి మీరొక్కరే. ఆ బరువు మీరు మోయగలరా లేదా అన్నది నేను చెప్పలేను. మీ ఉత్తరం తీరు చూస్తే మోయలేరనే అనిపిస్తోంది.

నన్ను అడిగితే ఈ వరుసలో వెళ్లమంటాను. ఈ రోజు నీళ్లు మరిగించడం, తోడికోడలితో మాట. ఈ వారం మీ సంపు. ఆ వెంటనే అన్నదమ్ముల మధ్య జాయింటు గురించి మాట. ఆయన విన్నా వినకపోయినా, నీళ్ల నాణ్యత గురించి మీ పేరుతో ఫోన్. మోటారు మీద ఫిర్యాదును పక్కన పెట్టండి. కానీ పూర్తిగా వదులుకోవద్దు. జాయింటు తీయనని ఆయన తెగేసి చెబితే, లేదా గల్లీలో ఇంకెవరికైనా కామెర్లు వస్తే, అప్పుడు ఆ ఫోన్ కూడా చేయండి, పేరు చెప్పే చేయండి. అప్పుడు వచ్చే మాట పట్టింపు కన్నా అవతల పోయేది పెద్దది.

సంపు కడిగించాక ఒక పని మరిచిపోవద్దు. సంపు నిండాక వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడరు తీసుకుని, ఒక బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోయండి. ఒక గంట ఆగి వాడుకోండి. పౌడరు పొట్లం విప్పి చాలాకాలమై ఉంటే అది పనిచేయదు, కొత్తది కొనండి.